ఆదివారం మా స్టాల్ ఎందుకు లేదంటే

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని ఎగ్జిబిషన్‌కి వచ్చి, గ్రౌండంతా తిరిగి, మా బజ్జీల స్టాల్ కనపడక వెళ్ళిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారని మీ మెసేజీలు చూశాక తెలిసింది. రెండు రోజులూ ఉంటామని వారం ముందునుంచీ స్టేటస్‌లు పెట్టింది మేమే, మాట తప్పింది కూడా మేమే. క్షమించండి.

నూనె బాగాలేదని అధికారులు మూయించారని ఒకరు, అద్దె దగ్గర గొడవైందని ఇంకొకరు అనుకుంటున్నారట. రెండూ కాదు. శనివారం రాత్రి మా దగ్గర పనిచేసే కుర్రాడి చేతిమీద కాగిన నూనె పడింది. ఊరి పేరు, ఈవెంట్ పెట్టినవాళ్ళ పేరు రాయను. ఎవరినో బజారుకీడ్చాలని కాదు, పైగా మా తప్పులూ ఇందులో ఉన్నాయి.

బుక్ చేసినప్పుడు గేటు పక్కన మూల స్టాల్ అన్నారు. రెండు రోజులకి 14 వేలు కట్టాం. శనివారం మధ్యాహ్నం సామాను దించేసరికి మాట మారింది. "ఆ చోటు స్పాన్సర్‌కి ఇచ్చాం అక్కా, మీరు స్టేజీ పక్కకి రండి, గిరాకీ ఇంకా బాగుంటుంది" అన్నారు. గిరాకీ అనగానే నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. డబ్బు కట్టేశాం, శనగపిండి ఇరవై కిలోలు తెచ్చేశాం, ఇంక వెనక్కి తిరగడమా? సరే అన్నాం. వెనక ఇనుప బారికేడ్లు. కుడిపక్క జనరేటర్, దాన్ని ఆనుకుని డీజిల్ డబ్బా. బయటికి పోవాలంటే ఒకటే దారి, అదీ జనం మధ్యలోంచి. ఇవన్నీ మా కళ్ళకి అప్పుడే కనపడ్డాయి. కనపడ్డా స్టవ్ వెలిగించాం.

ఎనిమిదిన్నరకి పాటల ప్రోగ్రాం. సింగర్ ఎప్పుడు స్టేజీ ఎక్కుతాడో మాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే పది నిమిషాల ముందే స్టవ్ ఆపేసేవాళ్ళం. వెనకున్న జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. స్టేజీ కనపడట్లేదని ఇద్దరు కుర్రాళ్ళు మా బల్ల ఎక్కారు. అది మడత బల్ల. ఒక కాలు ముడుచుకుపోయింది, బల్ల వెళ్ళి స్టవ్‌కి తగిలింది. మూకుడులో పది లీటర్ల నూనె. మూకుడు బోర్లా పడలేదు, ఒక పక్కకి ఒరిగింది, అంతే. అంతమాత్రానికే మావాడి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. అదే సమయానికి ఎదురుగా ఏడెనిమిదేళ్ళ పాప ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. ఆ పాపమీద చుక్క పడలేదు. అటువైపు ఒరిగుంటే అన్న ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ నిద్రపట్టదు.

మా ఆయన ముందు సిలిండర్ కట్టేశాడు. నేను మంచినీళ్ళ క్యాన్ ఎత్తి వాడి చేతిమీద ధారగా పోస్తూ కూర్చున్నాను, ఇరవై నిమిషాలు. ఈలోపు ఒకాయన టూత్‌పేస్ట్ తెచ్చాడు, ఇంకొకావిడ ఇంకు రాయమంది. అందరూ మంచికే చెప్తారు కానీ, కాలినచోట మామూలు చల్లటి నీళ్ళు తప్ప ఏదీ రాయకూడదు, ఐస్ కూడా పెట్టకూడదు. 108కి చేశాం. వచ్చారు, కానీ గేటు దాకానే. లోపలికి వచ్చే దారిలో బైకులు, కార్లు అడ్డదిడ్డంగా పెట్టేశారు. ఏ ఇబ్బందొచ్చినా చేయమని మాకిచ్చిన నంబరు స్విచాఫ్. వాణ్ణి ఇద్దరం పట్టుకుని రోడ్డు దాకా నడిపించాం. మచ్చ ఉంటుంది కానీ చెయ్యి బాగానే పనిచేస్తుందని డాక్టరుగారు అన్నారు. ఆస్పత్రి ఖర్చు మాది, వాడు ఇంట్లో ఉన్న రోజులకీ కూలి ఇస్తున్నాం. ఇందులో గొప్పేం లేదు, వాడు మా చేతికింద పని చేస్తుండగా జరిగింది.

ఇంక మా తప్పులు. మంటలార్పే సిలిండర్ మా దగ్గర ఉంది. ఎక్కడుందంటే, పిండి బస్తాల కింద. తీసి చూస్తే దాని ముల్లు ఎర్ర గీతలో ఉంది. ఆ రాత్రి నూనె అంటుకుని ఉంటే అది ఎందుకూ పనికొచ్చేది కాదు. కంగారులో ఎవరో ఒకరు నూనెమంట మీద బకెట్టు నీళ్ళు కొట్టేవాళ్ళు, మంట షామియానా దాకా లేచేది. రెండో తప్పు, అదనపు గ్యాస్ సిలిండర్‌ని బల్ల కింద పెట్టి, చూడ్డానికి నీట్‌గా ఉండాలని ఈవెంట్ వాళ్ళు ఇచ్చిన సాటిన్ గుడ్డ చుట్టూ కట్టాం. గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, కాళ్ళ దగ్గరే పేరుకుంటుంది. దాన్ని గుడ్డతో మూసిపెట్టి పక్కనే మంట పెట్టుకుని కూర్చున్నామన్నమాట. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాం, ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాం.

ఆదివారం పొద్దున ఈవెంట్ వాళ్ళు ఫోన్ చేశారు, "ఒక్కరోజే కదా అక్కా, తెరవండి" అని. చోటు మార్చండి, గేటు దారిలో బండ్లు తీయించండి, ఈ రెండే అడిగాను. చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఏంటో మీకూ తెలుసు. సామాను సర్దుకుని వచ్చేశాం. అద్దె వెనక్కి రాలేదు, కలిపిన పిండి పారబోశాం.

2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో మంటలు లేచి వరసలకు వరసలు స్టాళ్ళు బూడిదైనప్పుడు టీవీలో చూసి అయ్యో అనుకున్నాం. 2015లో గోదావరి పుష్కరాల మొదటిరోజే రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా పోయినప్పుడూ అంతే. మరుసటి ఏడు కృష్ణా పుష్కరాలకి బెజవాడలో 12 రోజులూ బండి పెట్టాం, బయటికి పోయే దారి ఎటు అని ఒక్కరోజైనా చూసుకోలేదు. ఎంత అమ్మామో మాత్రం లెక్క రాసుకున్నాం.

ఇకనుంచి బయట ఈవెంట్లకి మేం ముందురోజు వెళ్ళి చోటు చూసుకున్నాకే డబ్బు కడతాం. వెనకవైపు దారి లేకపోతే, జనరేటర్ పక్కన అయితే, ఫోన్ ఎత్తే మనిషి లేకపోతే రాం. ఈ లెక్కన ఈ నెలలో రెండు ఈవెంట్లు వద్దన్నాం. అందులో ఒకటి అపార్ట్‌మెంట్ వాళ్ళది, సెల్లార్‌లో పెట్టమన్నారు. మీలో కొందరు అక్కడే ఉంటారు, ఏమీ అనుకోకండి. పైన ఖాళీ స్థలం ఉంది కదా, అక్కడిస్తే రేపే వస్తాం.

మీకు కొన్ని తేడాలు కనపడతాయి. స్టవ్‌కీ మీకూ మధ్య నాలుగడుగుల ఖాళీ, తాడు. "ఒక్క బజ్జీ వేడిగా చేతిలో పెట్టండి" అంటే కుదరదు, టోకెన్ తీసుకుని పక్క బల్ల దగ్గర తీసుకోవాలి. జనం ఎక్కువైతే మధ్యలో స్టవ్ ఆపేస్తాం, గిరాకీ పోయినా సరే. పిల్లల్ని దయచేసి ఎత్తి మూకుడులోకి చూపించకండి. మడత బల్లలు తీసేసి ఇనుపవి చేయించాం, మంటలార్పేవి కొత్తవి రెండు కొన్నాం, ఒకటి ప్రత్యేకంగా నూనెమంటలకి. ఈ ఖర్చంతా మేమే భరిస్తామని చెప్పాలని ఉంది కానీ వీలవట్లేదు. ప్లేటుకి 5 రూపాయలు పెంచుతున్నాం.

2027 గోదావరి పుష్కరాలకి వస్తారా అని అడుగుతున్నారు. చోటు చూశాక చెప్తాను.

మన సందు చివర బండి మాత్రం రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఉంటుంది. సోమవారం నుంచి మావాడు కూడా వస్తాడు, స్టవ్ దగ్గరికి కాదు, టోకెన్ల దగ్గరికి. చెయ్యి చూపించమని మాత్రం అడక్కండి, వాడికి సిగ్గు.