జిరాక్స్ షాపు అన్నకు, ఇంకా చాలామందికి

నిన్ననే బాబుకు డిశ్చార్జి అయ్యింది. ఇంటికొచ్చి వాడు పడుకున్నాడు, నాకే నిద్ర రావడం లేదు. ఇప్పుడు రాయకపోతే మళ్లీ పనుల్లో పడిపోతాను.

మా వాడికి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. ఈసారి ఫిట్స్ ఎంతకీ ఆగకపోతే రాత్రికి రాత్రే ఆదోని నుంచి కర్నూలుకు ఎత్తుకెళ్లాం. ఐసీయూ ఖర్చంతా ఎన్టీఆర్ వైద్యసేవలో పోయింది, మా జేబులోంచి పైసా పడలేదు. మా ఆయన, అమ్మ, తమ్ముడు ఎప్పటిలాగే పక్కనున్నారు. వాళ్లకు థ్యాంక్స్ చెబితే తిడతారు.

ఈ పోస్టు ఆసుపత్రి బయట జిరాక్స్ షాపు అన్న కోసం. డిశ్చార్జి కాగితాలు జిరాక్స్ తీయించడానికి బాబును భుజాన వేసుకుని వెళ్లాను. మా ఆయన మందులకు పోయాడు, నాకేమో బస్సు టెన్షన్. కవర్లోంచి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చేది) కూడా ఇచ్చాను. దాన్ని మిషన్ మీద బోర్లా పెట్టబోయి ఆగి చదివాడు. "నిరామయ చేయించినారా అక్కా?" అన్నాడు. ఆ పేరే నేను వినలేదు. వాళ్లన్న కూతురికీ ఇదే జబ్బట.

"వైద్యసేవ ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుందక్కా. నెలనెలా థెరపీలకు, మందులకు, టెస్టులకు నిరామయ. రెండూ ఉండొచ్చు, ఒకటుంటే ఇంకోటి పోదు. ఒకే బిల్లు రెండు చోట్లా పెట్టగూడదు, అంతే" అని చెబుతున్నాడు. అప్పుడే మా వాడి నోట్లోంచి చొంగ కారి ఆయన కౌంటర్ మీది కాగితాల మీద పడింది. నేను కొంగు తీసేలోపే, మాట ఆపకుండా, తన భుజం మీది టవల్‌తో వాడి మూతి తుడిచాడు. మొదట వాడి మూతి, తర్వాత కాగితాలు. బస్సులో మా పక్క సీటు నుంచి లేచిపోయేవాళ్లను చూసీ చూసీ అలవాటైన దాన్ని. ఆసుపత్రిలో అన్ని రోజులూ ఏడవని నేను ఆ జిరాక్స్ మిషన్ పక్కన నిలబడి ఏడ్చేశాను. "కూచోక్కా, ఇంకో బస్సుంది" అని స్టూలు జరిపి, షాపులో జనం నిలబడి ఉన్నా నా ఫారమే నింపాడు.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల ఆరోగ్య బీమా పథకమట ఈ నిరామయ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తారు. చేరేముందు వైద్య పరీక్షలేవీ ఉండవు. డబ్బు ముందు మనం పెట్టుకుని, బిల్లులు పంపితే తర్వాత వస్తుంది. బీపీఎల్ వాళ్లకు చేరడానికి 250 రూపాయలు. ఆ 250 కూడా నా దగ్గర తీసుకోలేదు. ఎవరికో ఫోన్ చేసి, ట్రస్టులో రిజిస్టరైన సంస్థ ద్వారా కాగితాలన్నీ పంపించేశాడు. ఇక కార్డు రావాలి.

ఒక్క మాట అడగాలనిపిస్తోంది. ఇన్నేళ్లుగా సదరం క్యాంపు, పింఛను, సచివాలయం అని తిరుగుతున్నాం. కంప్యూటర్లో మా వాడి జబ్బు పేరు స్పష్టంగా ఉంది. ఒక్కరైనా "నీకు ఇదీ వస్తుందమ్మా" అన్నారా? పింఛను 6,000 వస్తోంది, కాదనను. అది థెరపీకి పోతే మందులకు ఉండదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుందని, సర్టిఫికెట్లో వెనకుందని తిప్పడం మాత్రం అందరికీ వచ్చు. ఇక ఈసారి మేం మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని వైద్యసేవ కార్డు మీద చేర్చుకోవడం కుదరదన్నారు. ఫిట్స్‌తో కొట్టుకుంటున్న పిల్లాడికి బకాయిలతో ఏం పని? పథకం పేరు ఆరోగ్యశ్రీ నుంచి వైద్యసేవ, మళ్లీ ఆరోగ్యశ్రీ, మళ్లీ వైద్యసేవ అయ్యింది. బోర్డులు మార్చినంత చురుగ్గా బిల్లులూ కట్టొచ్చు కదా.

సరే, కోపంలో మర్చిపోయేలా ఉన్నాను. ఐసీయూలో నైట్ డ్యూటీ సిస్టర్, తలుపు సందులోంచి బొటనవేలు పైకెత్తి చూపించేది, మీకు చాలా థ్యాంక్స్ అమ్మా. అర్ధరాత్రి మీటర్ మాటెత్తని ఆటో ఆయనకు కూడా. అయ్యో, ఆసుపత్రిలో వైద్యసేవ కాగితాలు చూసే వైద్యమిత్ర తమ్ముడు! అప్రూవల్ వచ్చేదాకా భోజనానికి కూడా లేవలేదు. టీ కొట్టు పెద్దమ్మ రోజూ ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి డబ్బులడగలేదు. పక్క బెడ్ పాప వాళ్ల నాన్న ఛార్జర్ నా బ్యాగులోనే వచ్చేసింది అన్నా, నంబరు పంపండి, ఆదోని బస్సులో పంపిస్తాను.