బానెట్ మీద అయస్కాంతం నిలవలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో అమెరికా ట్రక్ పుల్లింగ్ ఫొటో వేశారు. నల్లటి పొగ కక్కుతూ ముందు చక్రాలు గాల్లోకి లేచిన పికప్. ఫొటో బాగుంది, కింద ‘ఇష్టమొచ్చినట్టు బాడీ మార్చుకున్న ట్రక్కుల విన్యాసాలు’ అని రాశారు చూడండి, అది తప్పు. నేనుండేది ఒహాయోలో, బౌలింగ్ గ్రీన్‌కి దగ్గర్లో. ట్రాక్టర్ పుల్లింగ్ జాతీయ పోటీలు 1967లో మొదలైంది ఆ ఊళ్ళోనే. మా పక్కింటి పెద్దాయన రైతు, తన పాత డీజిల్ పికప్ వేసుకుని చుట్టుపక్కల కౌంటీ ఫెయిర్‌లకి (మన తిరనాళ్ళ లాంటివే) పోటీకి వెళ్తుంటాడు, నాలుగేళ్ళుగా ఆయన వెంట స్పానర్లు మోసేది నేనే. అందుకే చెప్తున్నా, ఇందులో ఇష్టమొచ్చినట్టు అనేది లేదు. బాడీ రూల్ తీసేస్తే అసలు ఆటే లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బండి వెనక గొలుసుతో స్లెడ్ (బరువులు మోసే పెద్ద ట్రైలర్ లాంటిది) కడతారు. దాని మీద బరువుల పెట్టె మొదట స్లెడ్ వెనక చక్రాల మీద ఉంటుంది, బండి ముందుకు పోయేకొద్దీ అది కూడా ముందుకు జరుగుతూ వస్తుంది, దాంతో స్లెడ్ ముందు భాగం మట్టిని అదుముతుంది. అంటే పోయేకొద్దీ బరువెక్కే బండ అన్నమాట. 300 అడుగులు లాగేస్తే ఫుల్ పుల్, లేకపోతే ఎక్కడ ఆగితే అక్కడికి కొలుస్తారు.

మా పెద్దాయన ఆడే క్లాసులో డ్రైవర్‌తో కలిపి 8,000 పౌండ్లు దాటకూడదు. అందరూ కాటా ఎక్కే దిగుతారు కదా, మరి బాడీ రేకుదైతే ఏంటి ఫైబర్‌దైతే ఏంటి అని మొదట్లో నేనూ అడిగాను. కిటుకు అక్కడే ఉంది. రేకు బానెట్ తీసి ఫైబర్‌ది పెడితే మిగిలిన బరువును ఇనప దిమ్మలుగా చేసి బంపర్ ముందు వేలాడదీసుకోవచ్చు. స్లెడ్ వెనక నుంచి కిందికి లాగుతుంటే ముక్కు లేస్తుంది, ముందు చక్రాలు పట్టు వదిలేస్తాయి, అప్పుడు ఆ దిమ్మ ఎంత ముందుంటే అంత లాభం. అందుకే ముందు ఇరుసు నుంచి 60 అంగుళాలు దాటి వేలాడదీయనివ్వరు, వెనక హుక్ నేల నుంచి 26 అంగుళాలు మించనివ్వరు. వెనక సామాన్లు వేసే తొట్టి అడుగు రేకు, కాళ్ళ కింది ఫ్లోరు, ఇంజనుకీ డ్రైవరుకీ మధ్య గోడ, ఇవన్నీ కంపెనీవే ఉండాలి. లాగేటప్పుడు బానెట్ మూసి ఉండాలి. టర్బో (ఇంజనులోకి గాలి నెట్టే చక్రం) పగిలితే ముక్కలు జనం మీద పడకుండా పొగ గొట్టంలో రెండు బోల్టులు అడ్డంగా బిగించాలి. పెద్ద క్లాసుల్లో ఒంటి మూతలా పైకి లేచే ఫైబర్ బాడీలు ఒప్పుకుంటారు, అక్కడ అందరికీ అవే కాబట్టి పేచీ లేదు. నా గొడవంతా మా పెద్దాయన ఆడే కింది క్లాసు గురించే.

ఈ ఏడాది జులైలో ఒక ఫెయిర్‌లో జరిగింది చెప్తాను, ఏ ఊరో వద్దులెండి. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పుకి బళ్ళ అడుగులు జల్లెడలైపోతాయి. పెద్దాయన బండి తొట్టి కూడా అలాగే తుప్పుపట్టి పోతే, కోసేసి పల్చటి అల్యూమినియం రేకు వేశాడు. చెక్ చేసేవాడు మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఫీజు కట్టేశాం, పొద్దుటి నుంచీ ఎండలో నిలబడ్డాం, అయినా అతను చేసింది తప్పని నేననను, రూల్ అదే కాబట్టి. ఈయన తర్వాత వచ్చిన కుర్రాడి బండి చూశాకే ఒళ్ళు మండింది. పెద్దాయన జేబులో ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతం ఒకటి ఉంటుంది (వాళ్ళ మనవరాలి కోడిపిల్ల బొమ్మది). కుర్రాడితో నవ్వుతూ మాట్లాడుతూనే దాన్ని తలుపు మీద పెట్టాడు, టక్కున అతుక్కుంది. బానెట్ మీద పెట్టాడు, జారి గడ్డిలో పడింది. ఫైబర్ బానెట్, పైన కంపెనీ రంగు. కానీ అది పాసైంది! ఎందుకంటే రూల్ పుస్తకంలో ‘బయట కొన్న బానెట్ వేసుకోవచ్చు’ అని ఒక్క వాక్యం ఉందట, దేనితో చేసిందో రాయలేదు. తుప్పుపట్టిన రేకు మార్చినవాడు ఇంటికి, డబ్బు పెట్టి బరువు తగ్గించుకున్నవాడు ట్రాక్ మీదికి.

మాది చీరాల దగ్గర పల్లెటూరు, బండలాగుడు చూస్తూ పెరిగినవాణ్ణి. అక్కడా లెక్క అడుగుల్లోనే. ఎద్దు వయసు పళ్ళని బట్టి చూస్తారు కాబట్టి రెండు పళ్ళ జతకి ఒక పోటీ, నాలుగు పళ్ళకి ఒకటి, ఆరు పళ్ళకి ఇంకొకటి, ముందు ఎద్దు నోరు తెరిచి చూడందే కాడి కట్టనివ్వరు. పళ్ళ దగ్గర పేచీ పడని ఏడాది నాకు గుర్తులేదు గానీ, పళ్ళు చూడటం మానేద్దామని మాత్రం ఎవరూ అనలేదు. ఇక్కడ కూడా కింది క్లాసులో బానెట్‌తో సహా పైకి కనపడే ప్రతి భాగం ఇనప రేకుదే ఉండాలని తేల్చి రాసి, చెక్ చేసేవాడి చేతికి ఒక అయస్కాంతం ఇస్తే సరిపోతుంది. అలా రాయమని ఆ ఫెయిర్ కమిటీకి పెద్దాయన చేత ఉత్తరం రాయించాను, ఇంకా జవాబు లేదు.

మీరు మాత్రం దయచేసి ఆ ఫొటో కింద మాట సరిచేసి ఒక లైను వేయండి. పెద్దాయన ప్రస్తుతం తుప్పులేని తొట్టి కోసం, రోడ్ల మీద ఉప్పు చల్లే పని లేని ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లోని పాత సామాన్ల వాళ్ళకి ఫోన్లు చేస్తున్నాడు. దొరికితే వచ్చే జులైకి మళ్ళీ అదే ఫెయిర్‌కి వెళ్తాం.

ఇట్లు,
ఒహాయో నుంచి ఒక పాఠకుడు