2023-24 వార్షిక నివేదిక: కప్పు గెలిచాం, పేపర్లో లేదు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ సమావేశం మేలోనే జరగాల్సింది. బరంపురంలో మే 13న పోలింగ్, ఆ హడావిడిలో హాలు ఎవరూ ఇవ్వలేదు, తర్వాత కౌంటింగ్, తర్వాత ఎండలు, అలా జరుగుతూ జరుగుతూ ఇప్పటికి కుదిరింది. ఒడిశాలో ఉండే తెలుగువాళ్ళం, ఒడిశా ఎఫ్‌సీ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ముందు 2023 ఏప్రిల్ 25. కోళికోడ్‌లో దేశంలోని క్లబ్బులు ఆడే సూపర్ కప్ ఫైనల్, బెంగళూరు మీద 2-1. 2019లో ఢిల్లీ నుంచి భువనేశ్వర్ వచ్చిన క్లబ్బుకి అదే మొదటి కప్పు. కళ్యాణ మండపంలో తెల్ల గుడ్డ కట్టి, ట్యూషన్ సెంటర్ నుంచి ప్రొజెక్టర్ అడిగి తెచ్చి, పర్లాకిమిడి నుంచీ గునుపురం నుంచీ పిల్లాపాపలతో వచ్చిన వాళ్ళతో హాలు నిండిపోయి, గుమ్మం దగ్గర చెప్పుల మీదే కూర్చుని చూశారు కొందరు. మొదటి సగంలోనే మన డియెగో మౌరిసియో రెండు గోల్స్ కొట్టేశాడు. ఆఖర్లో బెంగళూరు ఛెత్రీ పెనాల్టీ దగ్గర నిలబడ్డాడో లేదో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు హాలంతా ఒక కుర్రాడి ఫోను మీద పడింది, వెనకాల వాళ్ళకి స్కోరు కూడా తెలియదు, ఆ టెన్షన్ నేను చెప్పలేను. మళ్ళీ తెర వెలిగేసరికి 2-1. విజిల్ పడ్డాక రోడ్డు మీద ఏం జరిగిందో అక్కడున్న వాళ్ళకి తెలుసు, లేని వాళ్ళు ఉన్న వాళ్ళని అడగండి.

ఆ రాత్రి మేం పిలిస్తే ఒక తెలుగు పేపరు విలేఖరి గారు మర్యాదగా వచ్చి, ఆట మొదలవకముందే జెండాల కింద మనందరినీ నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. మర్నాడు జిల్లా పేజీలో పడింది. కింద ఏం రాశారంటే, ఐపీఎల్ చూస్తున్న క్రికెట్ అభిమానులట! ఆ రోజు అహ్మదాబాద్‌లో గుజరాత్, ముంబై మ్యాచ్ ఉన్న మాట నిజమే. కానీ మన ఊదా జెండా మీద ఒడిశా ఎఫ్‌సీ అని రెండు అడుగుల అక్షరాలున్నాయి కదా. ఆయన్ని అడిగితే నేను ఫొటో ఒక్కటే పంపాను, కింద రాసింది డెస్కు వాళ్ళు అన్నారు. సవరణ వేయమని ఉత్తరం రాశాం. వేయలేదు.

ఈ ఏడాదంతా మన గొడవ ఇదే. తెలుగు పేపరుకి మనం ఒడిశా వాళ్ళం. ఒడియా పేపరుకి ముందు హాకీ, ఆ తర్వాతే ఏదైనా. రాష్ట్ర ప్రభుత్వమే 2018 నుంచి దేశపు హాకీ జట్టుకి స్పాన్సర్, రెండు ప్రపంచ కప్పులు ఇక్కడే జరిగాయి, కాబట్టి వాళ్ళని మరీ తప్పు పట్టను. ఇక ఫుట్‌బాల్ గురించి రాసేవాళ్ళు చాలామంది కోల్‌కతా కళ్ళతోనే చూస్తారు. నవంబర్ 27న ఆసియా క్లబ్బుల ఏఎఫ్‌సీ కప్పులో కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంకి వెళ్ళి మోహన్ బగాన్‌ని 5-2తో కొట్టాం. సెప్టెంబర్‌లో ఇదే బగాన్ చేతిలో భువనేశ్వర్‌లోని మన కళింగ స్టేడియంలో 0-4 తిన్నాక, వాళ్ళ ఇంట్లో అయిదు. రాయ్ కృష్ణ తన పాత క్లబ్బు మీదే గోల్ కొట్టాడు. మర్నాడు నేను చూసిన ఇంగ్లీషు పేపర్లో హెడ్డింగ్ బగాన్ ఇంటిదారి పట్టిందని, ఫొటో తలలు వేలాడేసుకున్న బగాన్ వాళ్ళది, మన క్లబ్బు పేరు నాలుగో లైన్లో. గెలిచిన వాళ్ళ ఫొటో లేని గెలుపు వార్త అది. తెలుగు పేపర్లో అదీ లేదు. ఆ రోజు హార్దిక్ పాండ్యా ముంబైకి తిరిగి వెళ్ళాడు, పేజీ అంతా ఆయనే.

అన్నిటికీ ఒకే పాట పాడను. జనవరి 28న కళింగలో సూపర్ కప్ ఫైనల్లో మన జాహూ చివరి నిమిషాల్లో పెనాల్టీ కొట్టి బతికించినా, అదనపు సమయంలో ఈస్ట్ బెంగాల్‌కి 2-3తో పోగొట్టుకున్నాం. అదే రోజు ఉప్పల్‌లో ఇండియా ఇంగ్లండ్ చేతిలో 28 పరుగులతో ఓడింది. తెలుగు పేపరు ఆ పేజీ ఉప్పల్‌కి ఇవ్వడం న్యాయమే, నేనైనా అదే చేస్తాను. పన్నెండేళ్ళ తర్వాత పెద్ద కప్పు వచ్చినందుకు కోల్‌కతా వాళ్ళు ఊగిపోవడమూ న్యాయమే. నా కడుపుమంట మార్చి గురించి. మన ఆడపిల్లల జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. దేశానికి ఛాంపియన్లు! సుందర్‌గఢ్ జిల్లా నుంచి వచ్చిన ప్యారీ ఖాఖా లాంటి అమ్మాయి ఆడిన జట్టు. మనం తెప్పించే తెలుగు పేపర్లలో రెండు లైన్లు వెతికాం, దొరకలేదు. 2022లో హైదరాబాద్ జట్టు దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిస్తే ఫొటోతో వేసిన పేపర్లే ఇవి.

ఇందులో కొంత చిక్కు మనకి ఇప్పుడే అర్థమైంది, చెప్పాలి. మ్యాచ్ ఏడున్నరకో ఎనిమిదికో మొదలై పది దగ్గర ముగుస్తుంది, జిల్లా పేజీ అప్పటికే అచ్చుకి వెళ్ళిపోతుంది. మర్నాడు పంపితే పాచివార్త అంటారు. అందుకని గునుపురం మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. హాఫ్ టైంలోనే సగం రాసి ఉంచుకుని, విజిల్ పడగానే స్కోరు, గోల్స్ కొట్టిన వాళ్ళ పేర్లు, ఒక్క మంచి ఫొటో కలిపి డెస్కుకి నేరుగా పంపడం. డిసెంబర్ 11న ఏఎఫ్‌సీ కప్పులో బంగ్లాదేశ్ క్లబ్బు బషుంధరా కింగ్స్ మీద మన డిఫెండర్ ఫాల్ కొట్టిన గోల్‌తో 1-0 గెలిచి ముందుకి వెళ్ళినప్పుడు బస్సు వేసుకుని వెళ్ళాం కదా, ఆ రాత్రి తిరుగు దారిలో బాలుగావ్ దగ్గర టీకి ఆగినప్పుడు మాస్టారు బస్సు మెట్టు మీద కూర్చుని ఫోన్లో పూర్తి చేసి పంపారు. ఒకరోజు ఆలస్యంగానే అయినా ఒక్క అక్షరం మార్చకుండా పడింది, ఊదా జెండాతో సహా. ఆ కటింగ్ ఫ్రేము కట్టించాం, ఇవాళ బల్ల మీద ఉంది, చూడండి. మాస్టారికి సభ తరఫున శాలువా.

మార్చి 14న అదే కప్పులో సెంట్రల్ కోస్ట్ మ్యారినర్స్‌తో కళింగ మ్యాచ్‌కి, ఆస్ట్రేలియాలో ముందే 0-4 ఓడి వచ్చాక కూడా, బస్సు నిండా వచ్చారు. 0-0. అందరికీ థాంక్స్. ఏప్రిల్‌లో ఐఎస్ఎల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని ఇంటికి పంపి సెమీస్‌లో బగాన్ దగ్గర ఆగిపోయిన సంగతి వచ్చే ఏడాది నివేదికలోకి వస్తుంది.

ఇక కష్టమైన మాట. మీడియా కమిటీ అని పోయిన సమావేశంలో చాలామంది చేతులెత్తారు. పని మొదలయ్యాక మాస్టారు, రాయగడ చెల్లెమ్మ, ఇద్దరే మిగిలారు. గ్రూపులో పేపర్లని తిట్టే మెసేజీలు రాత్రి రెండింటి దాకా వస్తాయి, ఎడిటర్‌కి ఒక ఉత్తరం రాసి పెట్టండంటే మాత్రం ఎవరికీ ఖాళీ ఉండదు. జనవరి ఫైనల్‌కి మైదానంలో తెర వేసుకుంటామని ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో నాకు ఇవాళ్టికీ తెలియదు, సంతకం పెట్టాల్సిన సారు ఎప్పుడూ మీటింగులోనే ఉంటారు. ఆ రోజు మళ్ళీ మండపం వాళ్ళే ఆదుకున్నారు.

కృతజ్ఞతలు చాలామందికి చెప్పాలి. మండపం యజమాని గారికి, ప్రొజెక్టర్ ఇచ్చి వైరు పోయినా ఏమీ అనని ట్యూషన్ సార్‌కి, గిరి రోడ్డులో జెండాలు అప్పుకి కుట్టిచ్చిన టైలర్ బాబాయికి, ఫైనల్ రోజు పూరీ, ఆలూదమ్ చేసి పంపిన పర్లాకిమిడి అక్కయ్యలకి, బస్సు డ్రైవర్ అన్నకి, రంభ దగ్గర అర్ధరాత్రి టైరు మార్చిన ఆ పేరు తెలియని కుర్రాళ్ళకి. మన ఫొటో తీసిన విలేఖరి గారికి కూడా. ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తుతున్నారు, అది తక్కువేమీ కాదు.

లెక్కలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. బస్సు అద్దెలే ఎక్కువ తిన్నాయి, కొంచెం మిగిలింది, టైలర్ బాబాయి బాకీ ఇంకా ఉంది. చందా ఇవ్వని వాళ్ళ పేర్లు చదవొద్దని కమిటీ చెప్పింది కాబట్టి చదవడం లేదు.

కొత్త సీజన్‌కి మీడియా కమిటీలో పేరిచ్చే వాళ్ళు మ్యాచ్ రాత్రుళ్ళు పదకొండు దాకా మేలుకుని ఉండగలిగితేనే ఇవ్వండి. పెద్ద జెండాలు రెండు మార్చి మ్యాచ్ నుంచి కనపడటం లేదు, ఎవరింట్లో ఉన్నా ఉతికి ఆదివారంలోగా టైలర్ షాపులో ఇచ్చేయండి.

ఇట్లు,
కార్యదర్శి
బరంపురం