ఉద్దానం డయాలసిస్ కేంద్రాల్లో మనసు గురించి అడిగే శిక్షణ ఏదీ?

సంపాదక మహాశయా,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు గురించి మన పత్రికలు రెండు దశాబ్దాలకు పైగా రాస్తూనే ఉన్నాయి. తాగే నీటిలో లోపమా, మండుటెండలో తోటల్లో చేసే చాకిరీయా, పురుగుమందులా, అదేపనిగా మింగే నొప్పి మాత్రలా, వంశపారంపర్యమా అన్న ప్రశ్న చుట్టూనే ఆ రాతలు ఎక్కువగా తిరుగుతున్నాయి. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు గనుక ఆ వెతుకులాట సాగవలసిందే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించినదీ అందుకే. అయితే ఇదే రోగుల విషయంలో, ఇప్పటికే కొన్ని జవాబులు చేతికందిన పరిశోధన మరొకటి ఉంది. అది డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి మానసిక స్థితికి సంబంధించినది. దాని ఫలితాలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నర్సింగ్, డయాలసిస్ టెక్నీషియన్, వైద్య విద్యార్థుల శిక్షణలోకి ఎందుకు రావడం లేదని అడగడానికే ఈ లేఖ. నర్సింగ్ విద్యార్థులకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పి విరమించుకున్న దాన్ని కాబట్టి ఈ ప్రశ్నలో నాకూ కొంత భాగం ఉంది.

మూత్రపిండాల వ్యాధిగ్రస్తుల్లో డిప్రెషన్ ఎంత ఉందన్న దానిపై వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన ఒక సమీక్ష 2013లో కిడ్నీ వైద్య పత్రికలో వెలువడింది. నిపుణులు ముఖాముఖి ప్రశ్నించి నిర్ధారించిన లెక్క ప్రకారమే డయాలసిస్ రోగుల్లో సుమారు 23 శాతం మందికి డిప్రెషన్ ఉందని, రోగులే ప్రశ్నావళి నింపిన అధ్యయనాల్లో ఆ సంఖ్య 39 శాతం దాకా ఉందని అది తేల్చింది. తక్కువ అంకెనే తీసుకున్నా, వార్డులో నాలుగు పడకలుంటే ఒక పడక మీది మనిషికి కిడ్నీతో పాటు మరో జబ్బు కూడా ఉన్నట్టే. ఆ రెండో జబ్బును కేస్ షీటులో రాసేవారు లేరు. డిప్రెషన్ ఉన్న డయాలసిస్ రోగులు ఆసుపత్రి పాలు కావడం, చనిపోవడం కూడా మిగతావారి కంటే ఎక్కువగా ఉంటుందని పలు అధ్యయనాలు చూపించాయి. మందులు సరిగా వేసుకోకపోవడం, నీళ్లు, ఉప్పు విషయంలో పట్టు సడలడం, ఒక విడత డయాలసిస్ మానేయడం ఇందులో కొంతవరకు కారణాలు కావచ్చు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో తిరిగిన వారికి ఈ అంకెలను వివరించి చెప్పనవసరం లేదు. అక్కడ రచ్చబండ మీద ఎకరాకు దిగుబడి చెప్పుకున్నట్టు కిడ్నీ ఎంత దెబ్బతిన్నదో చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, ఎంతకు చేరిందో చెప్పుకుంటారు. వారానికి రెండు మూడు రోజులు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు యంత్రానికి కట్టుబడి ఉండవలసిన మనిషికి కూలి పని దొరకదు, దొరికినా ఒంట్లో సత్తువ ఉండదు. నెలకు వచ్చే 10,000 రూపాయల పింఛను ఇంటిని కొంత నిలబెడుతున్న మాట నిజమే. నిన్నటిదాకా పది మందిని పోషించినవాడు తాగే నీళ్లను గ్లాసుతో కొలుచుకుంటూ ఇంట్లో కూర్చున్నప్పుడు పడే వేదనకు మాత్రం పింఛను మందు కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు, అప్పటికే జబ్బుతో ఉన్న కుటుంబాలకు మిగిలిన ఆధారమూ పోయింది. ఈ ఊళ్లతో సంబంధం కలుపుకోవడానికి బయటివాళ్లు వెనుకాడతారన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. ఇవన్నీ తెలిసీ, డయాలసిస్‌కు వచ్చిన మనిషిని బరువు, బీపీ చూసి పడక మీదకు పంపుతామే తప్ప, ఎలా ఉంటున్నావని కుదురుగా అడగం.

అడగడానికి సాధనం లేక కాదు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక పాతికేళ్లుగా వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల్లో ఆసక్తి తగ్గడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి వంటివి ఎన్ని రోజులు వేధించాయో అడిగి 0 నుంచి 27 వరకు మార్కులు వేస్తారు. 10 గాని అంతకు మించి గాని వస్తే నిపుణుడి చేత చూపించాలి. డయాలసిస్ రోగుల దగ్గర ఇందులో ఒక చిక్కుంది. నిద్ర పట్టకపోవడం, ఒళ్లు లాగేయడం, అన్నం సహించకపోవడం ఒంట్లో పేరుకున్న మలినాల వల్ల కూడా వస్తాయి. ఏది దేహానిది, ఏది మనసుదన్నది మార్కులు చూసి చెప్పలేం. ఆ మనిషితో మాట్లాడగలిగినవారే చెప్పగలరు. కాగితం నింపించడం నేర్పితే చాలదని, సంభాషణ నేర్పాలని నేను పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం చికిత్సకు సంబంధించినది. డిప్రెషన్ అనగానే మాత్ర రాసిస్తే సరిపోతుందనుకునే వైద్యులు తక్కువేమీ కాదు. ఇంకా డయాలసిస్ దశకు చేరని కిడ్నీ రోగులు 201 మందిని తీసుకుని, అమెరికాలో వారిలో సుమారు సగం మందికి సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందును 12 వారాలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే వారికి అదనంగా ఒరిగిందేమీ లేదని 2017లో తేలింది. డయాలసిస్ రోగులు 120 మందిపై జరిగి 2019లో ప్రచురితమైన మరో అధ్యయనంలో సగం మందికి అదే మందు ఇచ్చారు, తక్కినవారికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల, అలవాట్ల తీరును మార్చుకోవడానికి తోడ్పడే మాటల చికిత్స, చేశారు. 12 వారాలకు మందు స్వల్పంగా పైచేయి అనిపించుకుంది, దుష్ఫలితాలు కూడా మందు వాడినవారిలోనే ఎక్కువ కనిపించాయి. కాబట్టి మందు వద్దని నేననడం లేదు. నన్ను ఆకట్టుకున్నది ఆ అధ్యయనంలోని మరో సంగతి. ఆ థెరపీని రోగి డయాలసిస్ చేయించుకుంటూ ఉన్న సమయంలోనే, అతని పక్కన కూర్చుని చేశారు. రోగిని మరో రోజు మరో ఆసుపత్రికి రమ్మనలేదు. ఇచ్ఛాపురం ప్రాంతం నుంచి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లాలంటే 200 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. వారంలో సగం రోజులు డయాలసిస్‌కే పోయిన మనిషిని అంత దూరం వెళ్లమని చెప్పడం, చికిత్స వద్దనడానికి మర్యాదైన మార్గం మాత్రమే.

మరి ఆ పక్కన కూర్చునేది ఎవరు? మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు పల్లె ప్రాంతాలకు చాలినంత మంది ఎప్పటికి వస్తారో చెప్పలేం. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, సాధారణ మానసిక రుగ్మతలున్న వారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని చెప్పింది. ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక జవాబు దొరికింది. గోవాలోని పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిపై మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అందులో చికిత్స చేసినవారు డాక్టర్లు కారు, నర్సులూ కారు. కనీసం పదో తరగతి చదివిన స్థానికులు. వారికి మూడు వారాల తరగతి శిక్షణ, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చారు. వాళ్లు చేసిందీ ఆర్భాటమైన పని కాదు. దిగులుతో మూలన కూర్చున్న మనిషి మానేసిన పనుల్లో తిరిగి చేయగలిగినది ఒకటి ఎంచి, రోజూ కాస్త కాస్తగా మొదలుపెట్టించడం, ఆరు నుంచి ఎనిమిది విడతలు కలిసి అందులో వచ్చే అడ్డంకులను అతనితోనే విప్పించడం. మూడు నెలలకు వారి దగ్గరకు వెళ్లినవారిలో 64 శాతం మంది కోలుకోగా, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం మంది కోలుకున్నారు. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచి ఉంది.

గోవాలో చేసింది డయాలసిస్ రోగులపై కాదు గనుక దాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేమన్నది నేనూ ఒప్పుకుంటాను. తోటపనికి మళ్లీ వెళ్లమని డయాలసిస్ రోగికి చెప్పలేం. సాయంత్రం రామాలయం అరుగు దాకా నడిచి రమ్మనవచ్చు, జీడిగింజల అమ్మకం లెక్కలు చూసే పని మళ్లీ చేపట్టమనవచ్చు, మనవడికి ఎక్కాలు చెప్పమనవచ్చు. ఏది ఎవరికి తగినదో ఆ ఊరి మాట, ఆ ఇంటి సంగతి తెలిసినవారు కనిపెట్టినంత తేలికగా విశాఖ నుంచి వారానికోసారి వచ్చే నిపుణుడు కనిపెట్టలేడు.

ఇక్కడే శిక్షణ అన్న మాట దగ్గర కొంత ఆగాలి. మన దగ్గర శిక్షణ అంటే ఒక పూట సమావేశ మందిరంలో తెర మీద స్లైడ్లు, మధ్యలో టీ బిస్కట్లు, హాజరు పట్టీలో సంతకం, చివర గ్రూపు ఫొటో. మర్నాటి పత్రికలో ఆ ఫొటో వస్తుంది కూడా. మీరు కోపగించుకోరనే నమ్మకంతో రాస్తున్నాను. గోవాలో ఫలితమిచ్చింది ఆ మూడు వారాల తరగతి ఒక్కటే కాదు. కౌన్సెలర్లు తాము రోగులతో జరిపిన సంభాషణలను, రోగుల అనుమతితో రికార్డు చేసి, తరచూ ఒకచోట చేరి విని, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ రోగి మాటకు అడ్డుపడ్డారో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ పర్యవేక్షణ లేని శిక్షణకు డబ్బు ఖర్చు పెట్టడం కన్నా పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

పాఠ్యప్రణాళికలో చోటు లేదనే సాకు ఇప్పుడు చెల్లదు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో అమలవుతున్న సామర్థ్య ఆధారిత విధానంలో వైఖరి, నైతికత, సంభాషణ నైపుణ్యాలకు ఏట్‌కామ్ పేరుతో ప్రత్యేక భాగమే ఉంది. 2022లో వచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమం కింద ప్రతి వైద్య విద్యార్థీ కొన్ని పల్లె కుటుంబాల బాగోగులు చూడాలి. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల, నెల్లిమర్లలోని మహారాజా వైద్య కళాశాల, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ కళాశాల విద్యార్థులు ఆ కుటుంబాల్లో బీపీ, షుగరు చూసి రాసుకుంటున్నప్పుడు డయాలసిస్ రోగి భార్యను కూడా ఒక మాట అడిగితే తప్పేముంది? బీఎస్సీ నర్సింగులో 2021 నుంచి వచ్చిన సెమిస్టర్ విధానంలోనూ సంభాషణ, మానసిక ఆరోగ్య నర్సింగ్ పాఠాలున్నాయి. పాఠం ఉంది, పరీక్ష మాత్రం దానికి తగ్గట్టు లేదు. మానసిక వార్డు పోస్టింగులో విద్యార్థిని కేస్ స్టడీని అందమైన చేతిరాతతో రాస్తే మార్కులు పడతాయి. రోగి ముందు నోరు మెదపకుండానే ఆ పోస్టింగు ముగించవచ్చు. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ ప్రవేశపెట్టిన ఓస్కీ పరీక్షలో విద్యార్థి ఒక్కొక్క స్టేషనుకు వెళ్లి, పరీక్షకుడు చూస్తుండగా, చెప్పిన పనిని చేసి చూపాలి. ఇంజెక్షను, కట్టు కట్టడం, గుండె మసాజ్ ఇలాగే పరీక్షిస్తున్నాం. రోగిలా నటించడానికి తర్ఫీదు పొందిన వ్యక్తిని ఒక స్టేషనులో కూర్చోబెట్టి, “ఇంక ఈ సూదులు నావల్ల కాదమ్మా, ఇంటికెళ్లిపోతాను” అనిపించి, ఆ అమ్మాయి ఏమంటుందో విని మార్కులు వేయడానికి కొత్త పరికరమేదీ కొనక్కరలేదు.

నర్సుల మీద ఇప్పటికే భారం ఎక్కువన్న అభ్యంతరం న్యాయమైనదే. రిజిస్టర్లు, యాప్‌లు, ఆన్‌లైన్ నమోదులతో వారికి ఊపిరాడడం లేదు. అందుకే ఇది ఉన్నవారి నెత్తిన మరో పత్రం మోపినట్టు కాకూడదు. ఒక్కో డయాలసిస్ కేంద్రానికి ఒక కౌన్సెలర్‌ను నియమించి, నర్సులకు, టెక్నీషియన్లకు గుర్తించి పంపే పని మాత్రమే అప్పగించాలి. మూడు నెలలకోసారి ప్రశ్నావళి అడిగితే చాలు. మరో ఇబ్బంది గోప్యత. పడకల మధ్య తెర కూడా సరిగా లేని గదిలో, పక్క పడక మీద పక్క ఊరివాడే ఉన్నప్పుడు, ఏ మనిషీ తన మనసు విప్పడు. గొంతు తగ్గించి మాట్లాడడం, యంత్రం ఎక్కించడానికి ముందు ఓ పది నిమిషాలు వేరే గదిలో కూర్చోబెట్టడం వంటి చిన్న ఏర్పాట్లు శిక్షణలో భాగం కావాలి. అన్నింటికన్నా జాగ్రత్త అవసరమైనది పీహెచ్‌క్యూలోని తొమ్మిదో ప్రశ్న. చనిపోతే బాగుండుననే ఆలోచన వస్తోందని ఒకరు చెప్పినప్పుడు మార్కు వేసి పక్కకు జరిగిపోవడం అడగకపోవడం కన్నా ఘోరం. ఆ రోజే ఎవరికి చెప్పాలి, ఇంటికి ఎవరితో పంపాలి, ఏ డాక్టరు ఫోనులో అందుబాటులో ఉంటారు అన్నవి ప్రశ్న మొదలుపెట్టకముందే గోడ మీద రాసి ఉండాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న, ఫోనులో మానసిక సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 రోగుల కుటుంబాలకూ తెలియాలి.

జిల్లా యంత్రాంగాన్ని నేను కోరేది పెద్ద పథకం కాదు. సోంపేట, పలాస, టెక్కలి కేంద్రాల్లో ఏదో ఒకచోట, శ్రీకాకుళం వైద్య కళాశాల మానసిక వైద్య విభాగం పర్యవేక్షణలో, ఏడాది పాటు ఈ పద్ధతిని నడిపి, ముందూ తర్వాతా మార్కులను నిజాయితీగా నమోదు చేసి, ఫలితం బాగున్నా లేకున్నా ప్రచురించమని అడుగుతున్నాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి ప్రాంతాల్లో ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ప్రశ్నావళి, శిక్షణ సామగ్రి రెండు భాషల్లోనూ ఉండాలి. ఇచ్ఛాపురానికి శ్రీకాకుళం కన్నా బరంపురమే దగ్గర. అక్కడి ఎం.కె.సి.జి. వైద్య కళాశాల అధ్యాపకుల సాయం కోరడానికి రాష్ట్ర సరిహద్దు అడ్డం కాకూడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు,
శ్రీకాకుళం.