ఐసీయూలో మెదడునూ కనిపెట్టుకోండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది చంద్రగిరి. వైరల్ న్యుమోనియాతో మా అన్నను తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉంచారు. ఊపిరితిత్తులు కుదుటపడ్డాయి, అందుకు డాక్టర్లకు చేతులెత్తి మొక్కుతున్నాం. కానీ గొట్టాలు పీక్కుంటున్నాడని మొదట చేతులు కట్టేశారు. తర్వాత పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకునేవాడు. నెమ్మదించాడు, నిద్రపోతున్నాడు అన్నారు. అది నిద్ర కాదు. జబ్బు తీవ్రతలో ఉన్నట్టుండి మెదడు గందరగోళపడి, స్పృహ, ధ్యాస చెదిరిపోవడాన్ని డెలీరియం అంటారు. అందులో ఇలా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండే రకం ఉంది. కంట పడకుండా పోయేది ఎక్కువగా అదే.

ఆక్సిజన్ పడిపోవడం, జబ్బు వల్ల ఒంట్లో లోలోపల వచ్చే వాపు (ఇన్‌ఫ్లమేషన్), రక్తం గడ్డకట్టడం, మత్తుమందులు అన్నీ కలిసి మెదడును దెబ్బతీస్తాయి. పక్షవాతం, ఫిట్స్ కూడా రావచ్చు. మత్తులో ఉన్న మనిషికి చేయి పడిపోయినా చెప్పుకోలేడు కదా!

2021లో 14 దేశాల్లో ఐసీయూలో చేరిన 2,088 మంది కోవిడ్ రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో సగం మందికి పైగా డెలీరియం వచ్చింది. బెంజోడయజెపైన్ మత్తుమందులు వాడినవారిలో ఎక్కువ. ఇంటివాళ్లు నేరుగానో వీడియో కాల్‌లోనో పలకరించినవారిలో ముప్పు దాదాపు 30 శాతం తక్కువ. మా వదినేమో ఆ రోజులన్నీ ఆసుపత్రి బయట చెట్టు కిందే కూర్చుంది.

తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, చిత్తూరు జిల్లా ఆసుపత్రి సహా రాష్ట్రంలోని ప్రతి ఐసీయూకీ మీరు ఉత్తర్వు ఇవ్వాలి. డెలీరియం ఉందో లేదో నర్సు మంచం దగ్గరే కొద్ది నిమిషాల్లో చూడగల క్యామ్-ఐసీయూ పరీక్ష ప్రతి షిఫ్టులో చేసి కేస్ షీట్‌లో రాయాలి. దానికి స్కానింగ్ మిషన్ అక్కర్లేదు, శిక్షణ చాలు. చేతులు కట్టడం ఆఖరి దారి కావాలి. మాస్కు, గౌను ఇచ్చి ఇంటి మనిషిని రోజూ కాసేపు లోపలికి పంపాలి. రోగి కళ్లద్దాలు, చెవి మిషన్ రోగికే ఇవ్వాలి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. డిశ్చార్జి తర్వాత ఏం చేయాలి? పాలమనేరు, పుంగనూరు పల్లెల్లో ఇలా తిరిగొచ్చినవాళ్లకు గాలి సోకిందని తాయెత్తు కడతారు. మా అన్న దుకాణంలో ఇప్పటికీ చిల్లర లెక్క తప్పుతున్నాడు. ఐసీయూ నుంచి ఇంటికి వెళ్లినవారికి జ్ఞాపకశక్తి, నడక, మనసు పరీక్షించే ప్రత్యేక ఓపీ తిరుపతిలో పెట్టించండి. ఆ ఖర్చు, ఫిజియోథెరపీతో సహా, ఎన్టీఆర్ వైద్య సేవలో చేర్చండి. చలికాలం ఫ్లూ కేసులు మొదలయ్యే లోపే ఉత్తర్వు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు, చంద్రగిరి