ఫోన్‌లో పాఠం చెబితే చాలదు, నోటుబుక్కు దిద్దాలి

సంపాదకులకు నమస్కారం.

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు మొదలైన ఫోన్ చదువు ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పూర్తిగా పోలేదు. ఎండలు ముదిరి సెలవులు ముందే ఇచ్చినా, తుఫాను హెచ్చరికతో బడి మూసినా, కొన్ని బడుల్లో పాఠం మళ్లీ వాట్సాప్‌లోకే వస్తోంది. రావడం మంచిదే. వస్తున్న తీరు గురించే నా బాధ.

మా వీధిలో చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే. పొద్దున్నే అది నాన్నతో పాటు పాతపట్నం పనికి వెళ్లిపోతుంది. పదింటికి లైవ్ క్లాసు పెడితే ఆ పిల్లలకు అది లేనట్టే. అదే పాఠం పది నిమిషాల ఆడియోగా పెడితే రాత్రి అన్నాలయ్యాక వింటారు, అర్థం కానిచోట ఆపి మళ్లీ వింటారు. డేటా కూడా తక్కువ పడుతుంది. కేంద్రం 2020 జులైలో ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాల్లోనే ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు క్లాసులు మించొద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని చెప్పారు. బడి టైంటేబుల్‌ని ఉన్నదున్నట్టు ఫోన్‌లోకి ఎక్కించే టీచర్లు అది ఒకసారి చూడాలి.

అసలు లోటంతా దిద్దడంలోనే ఉంది. నాలుగో తరగతి చదివే మా పక్కింటి పాప భాగహారం చేసి ఫొటో పంపింది. పేజీ వంకరగా పడింది, సగం మీద చేతి నీడ. రెండో అంకె దింపడం మరిచిపోయింది, అక్కడి నుంచి లెక్కంతా తప్పే. గ్రూపులో మాత్రం బొటనవేలి గుర్తు వచ్చింది. పాప దాన్ని రైట్ మార్కు అనుకుని అమ్మకు చూపించి సంబరపడింది. నలభై ఫొటోలు ఆ చిన్న తెర మీద చూడాలంటే టీచర్లకు ఎంత టెన్షనో అర్థం చేసుకోగలను. అందరివీ ఒకేరోజు చూడక్కర్లేదు. రోజుకు ఏడెనిమిది మందివి చాలు. కానీ తప్పు జరిగిన చోట ఆగి, ‘ఇక్కడ అంకె దింపలేదమ్మా, మళ్లీ చెయ్యి’ అని అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి.

అది తెలుగులో పంపితే ఇంకా మేలు. మా పిల్లల్లో చాలామందికి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. క్లాసులో బిక్కమొహం వేస్తే టీచరు ఒక ముక్క తెలుగులో చెప్పేవారు. ఫోన్‌లో ఆ ముక్క ఉండటం లేదు. ఒడియా చదవలేని తల్లికి హోంవర్కు ఏమిచ్చారో కూడా తెలియదు. గుణుపురం, రాయగడ తెలుగిళ్లలోనూ ఇదే మాట వింటున్నాను. అటు ఆంధ్రా వీడియోలు ఉన్నాయి కదా అంటారు కొందరు. సిలబస్ వేరు. లెక్కలకు పనికొస్తాయి గానీ సాంఘిక శాస్త్రానికి కుదరవు.

పిల్లలకూ ఒక మాట. వీడియో చూస్తూ తలూపితే చదివినట్టు కాదు. దాన్ని ఆపి, విన్నది చూడకుండా నోటుబుక్కులో రాయండి. అర్థం కానిది చివరి పేజీలో రాసుకుని, బడి తెరిచిన రోజున సిగ్గుపడకుండా అడగండి. ఫోన్ లేని స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

జిల్లా విద్యాధికారులకు నా విన్నపం: ఎండలు ముదరకముందే ఏ ఇంట్లో ఫోన్ ఏ వేళకు ఉంటుందో, ఏ ఇంట్లో అసలు లేదో ప్రతి బడిలోనూ రాయించి పెట్టండి. లేని పిల్లలకు అచ్చు వేసిన వర్క్‌షీట్లు సెలవులిచ్చే రోజునే చేతికివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా