లోడు బండి కొనేవాళ్ళకు అమెరికా లెక్కలు చెబితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పికప్, అంటే చిన్న సరుకు బండి, కొనేవాళ్ళు టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో ఊదే పంకా) ఉన్న పెట్రోల్ తీసుకోవాలా, డీజిల్ తీసుకోవాలా అని పది రోజుల కిందట మీ వాహనాల పేజీలో అరపేజీ వ్యాసం వేసి, టర్బో పెట్రోల్ వైపే మొగ్గారు. తెలిసినవాళ్ళెవరైనా సరిదిద్దుతారని వారం చూశాను. ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి రాయక తప్పడం లేదు.

ఆ వ్యాసంలో ఉన్నదంతా ఫోర్డ్ ఎఫ్-150 లాంటి అమెరికా బండ్ల సంగతి. అక్కడ 2011 మోడల్ నుంచి 3.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను నడుస్తోంది, అదే బండికి 2018లో తెచ్చిన 3 లీటర్ల డీజిల్‌ను 2021లో ఆపేశారు. నిజమే. కానీ అక్కడ డీజిల్ ధర పెట్రోల్ కంటే ఎక్కువ. పైగా చాలామంది ఆ బండిని కారులాగా ఖాళీగానే తిప్పుతారు. దాన్ని పట్టుకుని ‘డీజిల్ రోజులు పోయాయి’ అని మన ట్రాలీ వాళ్ళకు ఎలా చెప్తారు? కిరాయికి తిరిగే మన సరుకు బండ్లలో టర్బో పెట్రోల్ ఎక్కడుంది? బొలెరో పికప్‌లో ఉన్నది 2523 సీసీ టర్బో డీజిల్. ఇంట్రా వి30లో ఒకటిన్నర లీటర్ల డీజిల్. టాటా ఏస్ పెట్రోల్ 694 సీసీ, రెండు సిలిండర్లు, టర్బో లేదు. సూపర్ క్యారీ 1.2 లీటర్ల పెట్రోల్, దానికీ లేదు. సొంతానికి కొనుక్కునే హైలక్స్, వి-క్రాస్ కూడా ఇక్కడ డీజిలే. దొరకని బండి గురించి సలహా ఇచ్చి, దొరికే డీజిల్, మామూలు పెట్రోల్ బండ్ల మధ్య తేడా చెప్పకుండా వదిలేశారు.

రేపు ఎవరైనా టర్బో పెట్రోల్ ట్రాలీ తెచ్చినా లోడుకు అది అంత తేలిగ్గా కుదరదు. ఖాళీగా వెళ్తే మైలేజీ బాగానే ఇస్తుంది. లోడుతో అరకు ఘాట్ ఎక్కిస్తే టర్బో పూర్తిగా ఊదుతుంది, ఎగ్జాస్ట్ వేడి తొమ్మిది వందల డిగ్రీల దాకా పోతుంది, టర్బోనూ సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌నూ చల్లగా ఉంచడానికి ఇంజనే అదనంగా పెట్రోల్ పోసుకుంటుంది. కంపెనీ చెప్పిన మైలేజీ ఆ ఘాట్‌లోనే కరిగిపోతుంది. ఇంకొకటి, మన డ్రైవర్లలో చాలామంది పెద్ద గేరులో, తక్కువ స్పీడులో ఈడుస్తారు. డీజిల్ దాన్ని ఓర్చుకుంటుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ ఓర్చుకోదు. స్పార్కు పడకముందే పెట్రోల్, గాలి మిశ్రమం అంటుకుని, పిస్టన్‌లో రింగులు కూర్చునే గాడి అంచు విరిగే ప్రమాదం ఉంది.

అలాగని అందరూ డీజిలే కొనమని కాదు. ఇక్కడ లెక్క వేయాలి. పెట్రోల్ 107, డీజిల్ 95 అనుకుందాం. పెట్రోల్ బండి లీటరుకు 14, డీజిల్ 18 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. కిలోమీటరుకు డీజిల్ మీద 2 రూపాయల 37 పైసలు మిగులుతుంది. రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగితే నెలకు సుమారు 3,690 రూపాయలు. డీజిల్ బండి లక్ష ఎక్కువైతే ఆ లక్ష రావడానికే రెండేళ్ళ మూడు నెలలు పడుతుంది, ఫైనాన్స్ వడ్డీ కాకుండా. అదే రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే బండికి పదకొండు నెలల్లో వచ్చేస్తుంది. మదనపల్లె టమాటా చెన్నైకి వేసుకెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకుని డీజిల్ తీసుకోవచ్చు. తెల్లవారుజామున పాల ప్యాకెట్లు, తర్వాత వాటర్ క్యాన్లు వేసి ఊళ్ళోనే సందు సందు తిప్పేవాళ్ళు మాత్రం తీసుకోకూడదు.

ఎందుకు తీసుకోకూడదో మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే కాలుష్య నిబంధన వచ్చాక ఈ డీజిల్ బండ్ల సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ అనే మసి వడపోత డబ్బా వచ్చి చేరింది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే డబ్బా ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకు బండి హైవే మీద ఇరవై నిమిషాలైనా ఆగకుండా పోవాలి. ప్రతి రెండు వందల మీటర్లకూ ఆగే బండికి ఆ అవకాశమే రాదు. మసి కాల్చడానికి ఇంజను అదనంగా డీజిల్ చిమ్ముతుంది, మధ్యలో డ్రైవరు ఆపేస్తాడు. మళ్ళీ చిమ్ముతుంది, మళ్ళీ ఆపేస్తాడు. ఆ డీజిల్‌లో కొంత రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. గేజు పుల్ల తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంటుంది. వేళ్ళ మధ్య రుద్దితే నీళ్ళలా జారిపోతుంది, డీజిల్ వాసన కొడుతుంది. ‘ఆయిల్ తగ్గలేదు, పెరిగింది’ అని సంతోషించే డ్రైవర్లున్నారు. అదే ఆయిల్‌తో అలాగే తిప్పుతూ పోతే ముందు టర్బో బేరింగు, ఆ తర్వాత మెయిన్ బేరింగులు పోతాయి, ఇంజను బోరుకొస్తుంది.

మీటర్ల దగ్గర డీపీఎఫ్ లైటు వెలగగానే డబ్బా మార్చాలనుకోవద్దు. దాని ముందు, వెనుక ఒత్తిడి తేడా చూసే సెన్సారుకు రెండు సన్న రబ్బరు గొట్టాలుంటాయి. అవి చిట్లినా, ఊడినా తప్పుడు రీడింగు వచ్చి బండి లాగడం మానేస్తుంది. ముందు ఆ గొట్టాలు చూడాలి. తర్వాత స్కానర్ పెట్టి, బండి నిలిపి మసి కాల్పించాలి. ఆసిడ్ పోసి, ప్రెషర్ పంపుతో కడిగితే లోపలి పింగాణీ పొర పాడవుతుంది. ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద గ్రేడే పోయాలి. మసి కాలుతుంది, ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, డబ్బాలోనే మిగిలిపోతుంది. చవకని 15డబ్ల్యూ-40 సీఐ-4 అనే పాత గ్రేడు ఆయిల్ పోయించుకుంటే ఇవాళ మిగిలిన వందలు రేపు పదివేలై తిరిగొస్తాయి.

ఇంత సంగతి ఉంటే అమ్మేటప్పుడు ఒక్కరూ చెప్పరు. కొనేవాణ్ణి రోజుకెంత తిరుగుతావు, ఎక్కడ తిరుగుతావు, లోడెంత అని అడగరు. డౌన్ పేమెంట్ ఎంత కడతావనే అడుగుతారు. 1,500 కిలోల బండి అంటే ముప్పై సిమెంటు బస్తాలని కూడా చెప్పరు. యాభై వేస్తారు. ఘాట్ ఎక్కగానే ఇంజను ఆపేస్తారు. ఒక్క నిమిషం ఐడిలింగ్‌లో ఉంచితే టర్బో షాఫ్టు దగ్గర ఆయిల్ మాడి గడ్డకట్టదు. ఆ ఒక్క మాట తాళం చేతికిచ్చేటప్పుడు చెప్పడానికి ఏం అడ్డు?

పెట్రోల్ వాళ్ళ బాధ వేరు. బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే కాబట్టి మైలేజీ కొంత పడిపోతుంది. వానాకాలంలో ట్యాంకులోకి నీళ్ళు దిగితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకు చేరుతుంది, బండి స్టార్టు కాదు. డీజిల్‌లో నీళ్ళుంటే నాజిళ్ళు పోతాయి. బంకుల్లో తనిఖీలు చేయాల్సినవాళ్ళు ఎప్పుడొస్తారో, ఏం చూస్తారో కొనేవాడికి తెలియదు.

ఇక డీపీఎఫ్‌తో పడలేక లోపలి గుండె కోసేసి, ల్యాప్‌టాప్ పెట్టి ఇంజను ప్రోగ్రామ్ మార్చేస్తున్నారు. పట్టపగలే చేస్తున్నారు. తర్వాత ఆ బండికి కాలుష్యం సర్టిఫికెట్ కూడా వస్తుంది, సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండా నంబరు ప్లేటు ఫొటో తీసుకునే చోట్లున్నాయి కాబట్టి. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్తే రేడియం స్టిక్కర్లు, రంగు చూస్తారు. కింద వంగి ఆ డబ్బాను టార్చితో చూసేవాళ్ళు లేరు. నల్ల పొగ పీల్చేది మాత్రం ఆ రోడ్డు మీద బడికి నడిచి వెళ్ళే పిల్లలు. రవాణా శాఖ ఏటా రోడ్డు భద్రతా కార్యక్రమాలు జరుపుతుంది. అందులో ఒక్క రోజు ట్రాలీ స్టాండుల దగ్గరికి వచ్చి డీపీఎఫ్ లైటు వెలిగితే ఏం చేయాలో చెప్పినా ఎన్నో ఇంజన్లు దక్కేవి.

మీ పత్రిక చదివి అప్పు చేసి బండి కొనేవాళ్ళున్నారు. దయచేసి ఆ వ్యాసానికి సవరణ వేయండి. రోజుకు వంద కిలోమీటర్లు దాటే బండికి, హైవేకి, ఘాట్‌కి, టన్ను పైన లోడుకి డీజిల్. ఊళ్ళోనే తిరిగే ముప్పావు టన్ను బండికి టర్బో లేని మామూలు పెట్రోల్, బంకు దగ్గర్లో ఉండి క్యూ లేకపోతే సీఎన్‌జీ. ఇప్పటికే డీజిల్ కొని ఊళ్ళో తిప్పుతున్నవాళ్ళు వారానికి ఒకసారి బండిని హైవే మీద అరగంట ఆపకుండా తోలాలని కూడా పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక డీజిల్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ